రెండో చూపు

మా అక్క కొడుకు ఉండేది డల్లాస్‌లో. మొన్న వేసవికి ఊరొచ్చినప్పుడు, సంగటి ముద్దలో గుంట చేసి పప్పు పోసుకుంటూ ఒక సంగతి చెప్పాడు. టెక్సాస్‌లో అమరిల్లో అనే ఊరి బయట, పెద్ద రోడ్డు పక్కన, పది పాత క్యాడిలాక్ కార్లు ముక్కు నేలలోకి కూరుకుని, తోక ఆకాశంలోకి ఎత్తుకుని వరసగా నిలబడి ఉంటాయట. 1974లో యాంట్ ఫామ్ అనే కళాకారుల బృందం వాటిని అట్లా పాతిపెట్టింది. దారిన పోయేవాళ్లు రంగు డబ్బాలు తెచ్చి వాటి మీద చిమ్మి పోతుంటారు. మా వాడూ డల్లాస్ నుంచి కారేసుకుని పోయి, తన పేరు రాసి, ఫోటో తీసుకుని వచ్చాడు.

"అట్లాంటి వింతలు మన సీమలో ఏమన్నా ఉండాయా మామా?"

"ఇక్కడ లేనిది వాన ఒక్కటేరా" అన్నాను.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల దగ్గర. నైరుతి మబ్బుల్ని పడమటి కనుమలు ఆపేసుకుంటాయి. ఈశాన్య ఋతుపవనం కోస్తాలో కురిసి కురిసి, ఇక్కడికి వచ్చేసరికి జేబు ఖాళీ చేసుకుని ఉంటుంది. జైసల్మేర్ తర్వాత మనదే అని చిన్నప్పుడు బడిలో చెబితే, రెండో స్థానం వచ్చిందని మురిసిపోయిన పిల్లలం మేము. ఇసుక తిన్నెలు చూడాలంటే కణేకల్లు వైపు పోవాలి. మా గాండ్లపెంట చుట్టుపక్కల ఉండేది గుండ్ల ఎడారి. ఎర్రమట్టి, చెనిక్కాయ చేలు, ఎవరో పేర్చి మరిచిపోయినట్టు ఒకదాని మీద ఒకటి కూర్చున్న బండలు.

మూడు రోజుల తిరుగుడు అనుకున్నాం. గాండ్లపెంటలో మొదలుపెట్టి కదిరి, హిందూపురం, లేపాక్షి, పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడ్డాక ఇవన్నీ ఆ కొత్త జిల్లాలోకి వచ్చాయి. మా వాడిది లెక్కల బుర్ర. ఏది చూసినా మొదట అడిగేది ఎంత, ఎన్ని అని. అందుకే ముందే ఒక షరతు పెట్టాను. ఫోటోలు అయిపోయాక ప్రతి చోటా ఇంకో పావుగంట ఉండాలి. ఫోను జేబులో పెట్టుకుని, ఊరికే చూడాలి.

"ఏం చూడాల?"

"పని."

మూడు పాదాల జాగా

మొదటి మజిలీ మా మండలంలోనే. కటారుపల్లెలో వేమన సమాధి. ఇక్కడ కంటికి పెద్ద వింతేమీ దొరకదు. ఫోటోలు రెండు నిమిషాల్లో అయిపోయాయి. మిగిలిన సమయంలో వాడికి నచ్చే లెక్కే ఒకటి చెప్పాను, వేమన పద్యాలు నడిచే ఆటవెలది లెక్క.

పద్యానికి నాలుగు పాదాలు. ఒకటి, మూడు పాదాల్లో మూడేసి సూర్యగణాలు, రెండేసి ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదేసి సూర్యగణాలు. అంటే ఒక పాదం చాపి, ఒక పాదం ముడిచి నడుస్తుంది. గట్టు మీద నడిచే మనిషి నడక అది. ఇందులో నాలుగో పాదం మకుటానికి పోతుంది. చేతిలో మిగిలే జాగా మూడు పాదాలే. ఆ మూడింటిలో వేమన ఏం చేస్తాడో చూడండి. మొదటి రెంటిలో వంటింట్లోనో వీధిలోనో పడి ఉన్న వస్తువును తెచ్చి ముందర పెడతాడు. ఎవరూ కాదనలేని విషయం అది, వినేవాడు అవునవునని తలూపుతాడు. ఊపుతున్న తల మీద మూడో పాదం పడుతుంది. దెబ్బ ఎక్కడ తగిలిందో తడుముకునేలోగా, అందరికీ తెలిసిన మకుటం వచ్చి ఊపిరి తీసుకోనిస్తుంది. పిల్లలకు పద్యం నోటికి వచ్చేది ఆ మకుటం వల్ల, పెద్దలకు గుర్తుండేది ఆ మూడో పాదం వల్ల.

సి.పి. బ్రౌన్ 1829లో అచ్చు వేయించేదాకా ఈ పద్యాలకు తాటాకులు, జనం నోళ్లే ఆధారం. అన్ని నోళ్లు మారినా చెదరకపోవడానికి కారణం కొలతే. ఒక మాట జారితే నడక కుంటుతుంది. కుంటిన చోట విన్నవాడి చెవికే తెలుస్తుంది, వాడే సరిచేసుకుంటాడు. బండ దొరికే నేల మీద మాటతో కట్టిన మొదటి కట్టడం ఇది అన్నాను. మా వాడు తలూపాడు గానీ వాడి మనసు తర్వాతి మజిలీ మీద ఉంది.

ఊడకు దారి చూపే వెదురు

నంబులపూలకుంట మండలం గూటిబయలులో ఉంది తిమ్మమ్మ మర్రిమాను. దారిలో ఆ మండలంలోనే సోలార్ పార్కు ఒకటి. పంట పండని నేల మీద ఎండను పండించే ఏర్పాటు. అది దాటి కాసేపు పోయాక, ఎండిన గుట్టల మధ్య ఒక పచ్చటి గుట్ట కనిపిస్తుంది. దగ్గరికి పోతే గాని అది గుట్ట కాదు చెట్టని తెలియదు.

"ఎన్ని ఎకరాలు మామా?"

కొమ్మలు పరచుకున్న మేర అయిదెకరాలకు దగ్గరదగ్గర. 1989లో ప్రపంచంలోకెల్లా పెద్ద మర్రి అని గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. ఆ గుర్తింపు వెనక బెంగళూరు పాత్రికేయుడు రిగ్రెట్ అయ్యర్ ప్రయత్నం ఉంది. ఊరు చెప్పుకునే కథ ఇంకా పాతది. 1434లో భర్త బాలవీరయ్య చనిపోతే తిమ్మమ్మ సహగమనం చేసిందనీ, చితికి నాటిన గుంజల్లో ఒకటి చిగురించి ఈ మాను అయిందనీ చెబుతారు. మాను కింద ఆమెకు చిన్న గుడి ఉంది. పిల్లలు లేని దంపతులు వచ్చి మొక్కుకుంటారు. శివరాత్రికి జనం కిటకిటలాడతారు.

ఇంతవరకూ అందరూ చూసేదే. పావుగంట మొదలయ్యాక కొత్త ఊడల దగ్గరికి తీసుకుపోయాను. మర్రి కొమ్మ అడ్డంగా సాగుతుంది. సాగేకొద్దీ తన బరువుకు తానే వంగుతుంది. వంగి విరిగే లోపు కిందికి ఒక ఊడ దింపుతుంది. ఆ ఊడ నేలను పట్టుకుంటే లావెక్కి, కొన్నేళ్లకు అదే ఒక మాను. అప్పుడు కొమ్మ ఇంకాస్త ముందుకు సాగుతుంది. స్తంభం వేసి దూలం, దూలం మోయడానికి ఇంకో స్తంభం. గుడి కట్టేవాడూ ఇంతేగా చేసేది! తేడా ఒక్కటే, ఇక్కడ స్తంభం పైనుంచి కిందికి వస్తుంది.

చిక్కంతా ఊడ నేలను అందుకునే ముందరే. లేత ఊడ మెత్తటి దారంలా ఉంటుంది. గాలికి ఊగుతుంది, ఎండకు కొస మాడుతుంది, మేకకు దొరికితే మేత, పిల్లలకు దొరికితే ఉయ్యాల. ఇంత ఎండలో నేల చేరకుండానే ఎండిపోయేవే ఎక్కువ. అందుకే ఇక్కడ పనివాళ్లు ఒక ఉపాయం పట్టారు. వెదురు బొంగులో మట్టి, ఎరువు నింపి, లేత ఊడ కొసను అందులోకి దించుతారు. బొంగు రెండో కొస నేలలో ఉంటుంది. ఊడకు బొంగంతా నేలే అనిపిస్తుంది. తడి వెతుక్కుంటూ లోపలే కిందికి దిగి, అసలు నేలను పట్టుకుంటుంది. ఏ కొమ్మకు ఎక్కడ ఊతం కావాలో చూసి అక్కడ ఊడను దించుతారు. అందాకా ఆగలేని బరువు కొమ్మల కింద ఊతలు నిలబెడతారు.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి సంగతి కూడా చెప్పాను. 2017 డిసెంబరులో అక్కడ పెద్ద కొమ్మ ఒకటి చెదలు తిని కూలింది. మరుసటి ఏడాది ఆ చెట్టుకు వందల సెలైన్ సీసాలు వేలాడదీసి, సూదులతో చుక్కచుక్కగా చెదలమందు ఎక్కించారు. ఆ ఫోటోలు దేశమంతా చూసింది. ఆసుపత్రి మంచం మీద పడుకున్న చెట్టులా ఉండేది. కోల్‌కతా దగ్గర శిబ్‌పూర్ మర్రికైతే తల్లి మొదలే లేదు. తెగులు సోకితే 1925లో కోసి తీసేశారు. ఊడలు మాత్రం నడుచుకుంటూ పోతున్నాయి. పెద్ద మర్రి అంటే ఒంటరిగా పెరిగిందని అనుకుంటాం. తీరా చూస్తే ప్రతి పెద్ద మర్రి కిందా ఎవరో ఒకరు బొంగు పట్టుకుని నిలబడి ఉంటారు.

"ఇట్ల ఎన్ని ఊడలు దించినారు?" అన్నాడు వాడు.

"లెక్కపెట్టు" అన్నాను. అరవై దాకా పోయి, దేన్ని ఊడ అనాలో దేన్ని మాను అనాలో తేల్చుకోలేక మానేశాడు.

లేపాక్షి: కండువా దూరిన తర్వాత

కదిరిలో రాత్రి బస. నరసింహస్వామి దర్శనం చేసుకుని, కదిరి మల్లెలు కొని, తెల్లారి ఓబుళదేవరచెరువు, గోరంట్ల మీదుగా హిందూపురం చేరి, అక్కడ ఉగ్గాని బజ్జీలు తిని లేపాక్షి దారి పట్టాం.

లేపాక్షిలో ఎవరైనా మొదట వెతికేది వేలాడే స్తంభాన్ని. మండపంలో డెబ్బై దాకా ఉన్న స్తంభాల్లో ఇదొక్కటి నేలకు పూర్తిగా ఆనదు. కింద సందు ఉంటుంది. ఇటు నుంచి కండువా దూర్చి అటు నుంచి లాగితే వచ్చేస్తుంది. దానికోసం వరస కట్టి నిలబడతారు. మా వాడూ దూర్చాడు, ఫోటో దిగాడు. ఎంత ఎత్తు, ఎంత బరువు అని అడిగాడు.

"వరసలోంచి పక్కకు రా. కింద చూడటం అయింది, ఇప్పుడు పైన చూడు" అన్నాను.

స్తంభం నేలను మోయడానికి లేదు, కప్పును మోయడానికి ఉంది. దీని కింద సందు ఉన్నా కప్పు నిలబడిందంటే, ఆ బరువును చుట్టూ ఉన్న స్తంభాలు పంచుకున్నాయన్న మాట. స్తంభం తల మీద బోదె, బోదె మీద దూలం, దూలాల మీద పలకరాళ్లు. ఒకదాన్ని ఒకటి అంత బిగువుగా పట్టుకున్నాయి కాబట్టే కాలు ఆనని స్తంభం కూడా జారిపోకుండా తలతో వేలాడుతోంది. తెల్లదొరల కాలంలో ఒక ఇంజనీరు దీని గుట్టు తెలుసుకుందామని కదిలించబోతే మండపంలో మిగతా రాళ్లు కూడా కదిలాయనీ, అదిరిపోయి వదిలేశాడనీ ఇక్కడ చెబుతారు. స్తంభం ఒక మూల మాత్రం నేలకు తగిలి ఉండటం అప్పటి నుంచేనంటారు. కథ ఎట్లా ఉన్నా అందులో ఒక నిజం ఉంది. ఈ మండపంలో ఒక రాయి ఒంటరిగా లేదు. వింత ఆ ఒక్క స్తంభానిదే అనుకుని జనం దాని చుట్టూ మూగుతారు. అది వేలాడటానికి కారణమైన పక్క స్తంభాలకు వీపు ఆనించి తమ వంతు కోసం ఎదురుచూస్తుంటారు.

ఈ వీరభద్రాలయం విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో, 1530 ప్రాంతంలో, పెనుకొండలో అధికారులుగా ఉన్న విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించింది. తాబేలు వీపులా ఉన్న బండ మీద కట్టారు. అందుకే ఆ గుట్టకు కూర్మశైలమని పేరు. బండను చదును చేసి గుడి పెట్టలేదు. బండ ఎక్కడ ఎట్లా ఉంటే గుడి అట్లా ఒదిగింది.

నాట్యమండపంలో స్తంభాల మీద ఒక కచేరీ జరుగుతుంటుంది. తుంబురుడు వీణ పట్టాడు, బ్రహ్మ మద్దెల పట్టాడు, రంభ ఆడుతోంది. భృంగికి మూడు కాళ్లు. పార్వతి కోపానికి ఒంట్లో బలమంతా పోతే నిలబడటానికి శివుడిచ్చిన మూడో కాలు అది. నిలబడటానికి ఇచ్చిన కాలితో శిల్పి ఆయన్ను నాట్యానికి దించాడు. ఈ శిల్పులకు దొరికింది మెత్తటి రాయి కాదు, నల్లరాయి. హళేబీడు శిల్పికి దొరికిన సబ్బురాయిలో గోటి మందం నగను కూడా తొలచవచ్చు. గ్రానైటులో అట్లా పోతే ఉలి పెట్టిన చోట కాక పక్కన పెచ్చు లేస్తుంది. అందుకని ఇక్కడి శిల్పి చిన్న నగల మీద మోజు వదిలేసి, ఒంటి వంపు మీద, కాలు మడిచిన తీరు మీద మనసు పెట్టాడు. రాయి వద్దన్న చోట ఆగడం కూడా పనితనమే.

గుడి వెనక పెద్ద నాగలింగం. ఏడు పడగల పాము లింగానికి గొడుగు పట్టింది. తల్లి వంట చేసి పెట్టేలోపు శిల్పులు దాన్ని చెక్కేశారని కథ. అక్కడికి దగ్గర్లో నేల బండ మీద చూస్తే కంచాల్లాంటి గుంటలు ఉన్నాయి. అన్నానికో గుంట, కూరకో గుంట అన్నట్టు గదులు గదులుగా. పనివాళ్లు తిన్న కంచాలని కొందరు, రంగులు కలుపుకున్న పళ్లేలని కొందరు. నాకైతే రెండూ ఒకటే. కడుపులోకి పోయినా, కప్పు మీదికి పోయినా అది ఈ గుడి పనికే ఖర్చయింది.

కప్పు మీద గీత

లేపాక్షిలో మెడ నొప్పి పుట్టించుకోకుండా వచ్చినవాడు సగమే చూసినట్టు. అసలు సొమ్ము కప్పు మీద ఉంది. రాతి పలకల మీద సున్నపు పూత పూసి, దాని మీద వేసిన బొమ్మలు. ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ. మన్ను నుంచీ రాయి నుంచీ మసి నుంచీ దొరికే రంగులు. అర్ధమండపం కప్పున ఉన్న వీరభద్రుడి బొమ్మ ఒక్కటే సుమారు 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు. ఆయన పాదాల దగ్గర చిన్నగా, దండం పెడుతూ, గుడి కట్టించిన అన్నదమ్ములిద్దరు.

ఒక్క చోటే నిలబడి, కిరాతార్జునీయం బొమ్మల వరసలో అడవి పంది దగ్గర ఆగాం. పైకి చూస్తూ గీసేవాడికి రెండు కష్టాలు. రంగు తన మొహం మీదే కారుతుంది. గీసే బొమ్మ మొత్తం కంటికి ఆనదు, మంచె మీద ఉన్నవాడికి అది ముక్కుకు మరీ దగ్గర. అయినా పంది వీపు మీది గీత ఎక్కడా తడబడలేదు. మూపు దగ్గర ఎత్తు లేచి నడుము దగ్గర జారిన ఆ ఒక్క గీతలోనే పరుగంతా ఉంది. ఆ గీత నల్లది, తీగలా సన్ననిది. లోపలి రంగులకు నీడలు లేవు, లోతు లేదు. ఎరుపంటే ఒకటే ఎరుపు. రంగులు బల్లపరుపుగా ఉంటే రూపం నిలబెట్టే భారమంతా గీత మీదే పడుతుంది. మొహాలు చాలావరకు పక్కచూపు మొహాలు. ముక్కు కొస వాడి, కన్ను చేప, వేళ్లు సన్నగా చివర్లు విరిచి. మగవాళ్ల తలల మీద విజయనగరం నాటి పొడుగు కుళ్లాయిలు.

ఇక చీరలు. ద్రౌపది స్వయంవరంలో, పార్వతి పెళ్లిలో నిలబడిన ఆడవాళ్ల చీరలను వరసగా చూసుకుంటూ పోండి. ఒకటి చారలది, ఒకటి గళ్లది, ఒకటి పూల బుటాలది. అంచు వేరు, ఒళ్లు వేరు. చిత్రకారుడు కథ మాత్రమే చెప్పదలచుకుంటే అన్నిటికీ ఒకే చీర కట్టినా సరిపోయేది. అంత దూరం నుంచి ఎవరు చూస్తారులే అనుకోలేదు. వాళ్ల ఊళ్లో మగ్గాల మీద ఏముందో అదంతా కప్పు మీదికి ఎక్కించాడు. తర్వాత ధర్మవరం నేతగాళ్లు ఆ కప్పు చూసి, లతామండపం స్తంభాల మీది అల్లికలు చూసి, మళ్లీ చీరల మీదికి దించుకున్నారు. చీర నుంచి రాతికి, రాతి నుంచి చీరకు అప్పు తీరిపోయింది.

బయట కప్పు లేని కల్యాణమండపం. చెక్కిన స్తంభాలు ఆకాశాన్ని మోస్తున్నట్టు నిలబడి ఉన్నాయి. ఖజానా సొమ్ము అనుమతి లేకుండా ఖర్చు పెట్టాడని రాజు కళ్లు తీయమన్నాడట. విరూపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకేసి కొట్టాడట. గోడ మీద రెండు ఎర్రటి మరకలు చూపిస్తారు. మండపం అక్కడితో ఆగిపోయింది. కథ బాధగా ఉన్నా పని నేర్చుకునేవాడికి ఈ ఆగిపోయిన మండపమే బడి. నెత్తిన నీడ లేదు కాబట్టి పొద్దుటి ఎండ ఏటవాలుగా పడి, ఉలి ఎంత లోతుకు దిగిందో విప్పి చూపిస్తుంది.

గుడికి దగ్గర్లోనే, రోడ్డు పక్కన, నంది. ఒకే రాయి. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. మా వాడు అంకెలు రాసుకున్నాడు. నేను వాణ్ణి మెడ దగ్గరికి తీసుకుపోయి గంటల పేటలు చూపించాను. పేట తన బరువుకు తాను కిందికి వాలినట్టుంది. రాతి మీద రాయి, దానికి వాలే పనేముంది? కానీ ఆ వాలు లేకపోతే అది మెడలో వేసిన పేట కాదు, మెడ మీద గీసిన గీత. వీరభద్రాలయాన్నీ ఈ నందినీ 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు.

నిద్రపోతున్న వినోదం

పెనుకొండ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి పక్కన 2019 నుంచి కార్ల ఫ్యాక్టరీ నడుస్తోంది. కొండ మీదికి చూస్తే, 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగరం తలదాచుకున్న కోట గోడలు. ఈ రెంటి నడుమ, దారి పక్క వింత అన్న మాటకు నూటికి నూరుపాళ్లు సరిపోయేది ఒకటుంది. కుంభకర్ణుడి తోట.

142 అడుగుల పొడుగున వెల్లకిలా పడుకుని ఉన్నాడు ఆ మహానుభావుడు. పడుకున్నవాడి ఎత్తే 32 అడుగులు. చుట్టూ రాక్షసులు నానా తంటాలు పడి లేపుతున్నారు. పొట్టలోపలికి పోయి చూడొచ్చు. మా వాడు పదేళ్ల పిల్లాడైపోయాడు. అమరిల్లోకి దీటైనది దొరికిందన్నాడు.

లేపాక్షి చూసిన కంటికి ఇది మోటు పనే. నేను వెక్కిరించబోయి ఆగాను. నిలువు బొమ్మ అయితే దూరానికి పెద్దగా, దగ్గరికి వస్తే పాదాలు మాత్రమే కనిపిస్తుంది. పడుకోబెట్టినందువల్ల ఆ రాక్షసుల పక్కన మనమూ నిలబడి, వాళ్ల కష్టంలో పాలు పంచుకుంటున్నాం. రామాయణంలో ఇంత పెద్ద ఒంటిని రోడ్డు పక్కన పెట్టడానికి సరిపోయే మనిషిని ఎంచుకోవడంలోనే సగం పని అయిపోయింది. దేవుళ్లెవరినైనా పెడితే దండం పెట్టి పోతాం. ఈయన్ను చూస్తే నవ్వొస్తుంది.

తోలు మీద వెలుగు

ధర్మవరంలో ఒక మగ్గం ముందు పావుగంట. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. ఇటు నుంచి చూస్తే నీలం, అటు జరిగితే ఆకుపచ్చ. నెమలికంఠం రంగును ఎవరూ అద్దలేరు, రెండు పోగులు కలిసిన చోట అదే పుడుతుంది. అది చూసుకుని సాయంత్రానికి అదే మండలంలోని నిమ్మలకుంట చేరాం.

నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. ఇక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఈ కుటుంబాల పూర్వీకులు మరాఠీ సీమ నుంచి వచ్చినవాళ్లు. ఇంట్లో మాట్లాడుకునేది ఆరె మరాఠీ. తెర వెనక పాడేది రంగనాథ రామాయణం తెలుగు.

మేం పోయిన ఇంటి వసారాలో ఒక పెద్దాయన మేకతోలు ముందు కూర్చుని ఉన్నాడు. పచ్చితోలును వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, సాగదీసి ఎండగడతారు. అప్పుడది పలచనై, ఎత్తి పట్టుకుంటే అవతలి వెలుతురు తేనెరంగులో కనిపిస్తుంది. వెనకటికి దేవుళ్ల బొమ్మలకు జింకతోలు వాడేవాళ్లు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత అందరికీ మేకతోలే. మనిషంత బొమ్మకు ఒక్క తోలు చాలదు. తల, మొండెం, చేతులు, కాళ్లు విడివిడిగా కోసి, కీళ్ల దగ్గర దారంతో ముడి వేస్తారు. భుజానికి ఒక ముడి, మోచేతికి ఒక ముడి. ఆటగత్తె బొమ్మకైతే మెడకూ నడుముకూ కూడా. ముడి బిగిస్తే చెయ్యి కొయ్యబారుతుంది, వదులైతే వేలాడుతుంది. నడుమ వెదురు బద్ద వెన్నెముక.

గీత చూడగానే మా వాడు నా మొహం చూశాడు. పక్కచూపు మొహం, వాడి ముక్కు, చేపకన్ను, నల్లటి సన్న గీత. లేపాక్షి కప్పు మీంచి ఎవరో ఒలిచి తెచ్చినట్టుంది.

కానీ ఇక్కడొక కొత్త సంగతి ఉంది. కప్పు మీది బొమ్మకు వెలుతురు ముందు నుంచి పడుతుంది. ఈ బొమ్మకు వెనక నుంచి. అందుకని రెండు వైపులా రంగు వేస్తారు. దీపం ముందు పెడితే రెండు పూతలూ కలిసి ఒక్క రంగై మండుతాయి. పైగా బొమ్మను ఎటు తిప్పినా పనికొస్తుంది. రాముడు ఇటు చూడాలన్నా అటు చూడాలన్నా ఒక్క బొమ్మే చాలు.

ఇక నగలు. కిరీటం, వడ్డాణం, చెవుల కమ్మలు, చీర అంచు, ఇవేవీ రంగుతో గీసినవి కావు. చిల్లులు. తోలు కింద చెక్క పెట్టి, ఉలి నిలబెట్టి, సుత్తితో ఒక్క దెబ్బ. గుండ్రటి మొన ఉలి ఒకటి, నెలవంక మొనది ఒకటి, చుక్క మొనది ఒకటి. తెర మీద పడ్డప్పుడు తోలు ఉన్న చోట రంగు కనిపిస్తుంది, తోలు లేని చోట దీపమే కనిపిస్తుంది. రాణికి నగలు పెట్టాలంటే తోలు తీసేయాలి. ఎంత తీయాలన్నదే విద్య. చిల్లుకూ చిల్లుకూ నడుమ తోలు మరీ తక్కువ మిగిలితే ఆటలో బొమ్మ ఊగినప్పుడు చిరుగుతుంది. ఎక్కువ మిగిలితే నగ తెగిపోయి విడి చుక్కలవుతుంది.

ఆట రోజు తెల్లటి తెర కట్టి, వెనక దీపం పెట్టి, వంతు రాని బొమ్మలను ఈతముళ్లతో తెరకు గుచ్చి ఉంచేవాళ్లు. యుద్ధం వచ్చిందంటే కాళ్ల కింద చెక్కపలకలు టకటకమని తొక్కేవాళ్లు. కథ బరువెక్కినప్పుడల్లా జుట్టుపోలిగాడు, బంగారక్క అనే హాస్య బొమ్మలు వచ్చి తిట్టుకుని నవ్వించి పోయేవాళ్లు. ఇప్పుడు రాత్రంతా కూర్చునే జనం తక్కువ. ఆ ఉలి దీపపు తొడుగుల మీదికి, గోడ బొమ్మల మీదికి మళ్లింది. నష్టం నష్టమే. చెయ్యి మాత్రం పని మరవలేదు.

"కమ్మకు ఎన్ని చిల్లులు తాతా?" అన్నాడు మా వాడు, అలవాటు కొద్దీ.

పెద్దాయన తలెత్తకుండా ఒక తునక తోలు, ఒక ఉలి వాడి ముందుకు జరిపాడు. "నువ్వే కొట్టి లెక్క చూసుకో నాయనా."

వాడు కొట్టాడు. చిల్లు పడింది గానీ అంచు పీచుపీచుగా లేచింది. ఉలి వాలిందన్నాడు పెద్దాయన. మళ్లీ కొట్టాడు. ఈసారి పాత చిల్లు మీదికే పోయి రెండూ ఒకటయ్యాయి. పెద్దాయన తన బొమ్మ మీద, చూడకుండానే, నాలుగు కొట్టాడు. నాలుగూ వరసలో ఆవగింజల్లా పడ్డాయి. మా వాడు ఆ చేతినే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత తన తునకను కిటికీ వైపు ఎత్తి, పొద్దువాలే వెలుతురులో కన్ను చిట్లించి చూసుకుని, కింద పెట్టి అడిగాడు.

"తాతా, బొటనవేలు ఎక్కడ పెట్టుకుంటావు? ఇంకొకసారి నిదానంగా కొట్టవా?"

ఆయన కొట్టి చూపించాడు. వాడు పక్కకు జరిగి, ఆయన కూర్చున్నట్టే ఒక మోకాలు ఎత్తి కూర్చున్నాడు. ఫోను చాప మీద బోర్లా పడి ఉంది. పావుగంట దాటి చాలాసేపయింది. నేను చెప్పలేదు.